కుడి దవడ కింద వడ్లగింజ

“నోరు తెరవండి అత్తయ్యా.”

“తెరవను.”

“గింజ కొరికారా, లేదా?”

“కొరికితే ఏంటి? రాయి కొరికానా?”

“కొరకడమే కాదు, ఉమ్మారు కూడా. కిటికీలోంచి చూశాను. తూ అని పట్టా అవతల పడేటట్టు ఉమ్మారు.”

“పొట్టు నోట్లో పెట్టుకుని కూర్చోమంటావా? నేనేమన్నా గేదెనా, నెమరేసుకోడానికి?”

“డాక్టరమ్మ ఏం చెప్పింది? ఉమ్మొద్దు, పుక్కిలించొద్దు, కుడివైపు నమలొద్దు అందా లేదా? ఫ్రిజ్ మీద ఆ కాగితం అంటించింది అలంకారానికా?”

“నాకు చదువు రాదని దెప్పుతున్నావా?”

“చదువు రాదని కాదండి. మాట వినరని.”

మా కోడలు అంత గట్టిగా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. రేపల్లెలో మా ఇంటి వసారాలో, పరాయి మనిషి ఎదుటే అన్నది. ఆ పరాయి మనిషి చాలా ఏళ్లుగా మా దగ్గరే ధాన్యం అమ్ముతున్న రైతు. తప్పంతా తనదే అయినట్టు తువ్వాలు భుజం మార్చుకుంటూ నిలబడ్డాడు. “నేను రేపొస్తానండి పిన్నిగారూ” అని మెల్లగా గేటు దాటాడు. అతని ధాన్యం మాత్రం మా దొడ్లో పట్టాల మీద ఆరబోసి ఉంది.

మాది ధాన్యం కమీషను వ్యాపారం. రైతుల ధాన్యం మిల్లులకు ఇప్పిస్తాం. మా ఆయన పోయాక అబ్బాయి చూసుకుంటున్నాడు కానీ మచ్చు చూసేది నేనే. గుప్పెడు వడ్లు తెచ్చి నా అరచేతిలో పోస్తారు. అందులో ఒక గింజ తీసి కుడివైపు దవడ పంటి కింద పెట్టి కొరుకుతాను. టక్కుమని విరిగితే ఆరినట్టు. విరగకుండా నలిగితే పచ్చి. పచ్చి ధాన్యం బస్తాలకెత్తితే లోపల వేడెక్కి ముక్కిపోతుంది. ఏడాది కష్టం కంపు కొడుతుంది. బాపట్ల దగ్గర మా పుట్టింట్లో నాన్న నేర్పిన పని ఇది. మూడో తరగతితో బడి మాన్పించిన మనిషి, ఇది మాత్రం కళ్లంలో పక్కన కూర్చోబెట్టుకుని మూడేళ్లు నేర్పాడు.

తేమ చూసే మిషన్ మా కొట్లోనూ ఉంది. దాని మీద అంకె కనిపించాక కూడా రైతు నా మొహం వంకే చూస్తాడు. ఆ రోజు ఈ రైతూ అదే అన్నాడు. “మిషన్ ఎవరి చేతిలో ఉంటే వాళ్ల మాటే చెబుద్దండి. మీరు కొరికి చెప్పండి, నాకు చాలు.”

ఎడమ దవడ పళ్లు నాకు ఎప్పుడో పోయాయి. కుడివైపు గింజ కొరికే పన్ను కూడా నిలువునా చీలింది. తెనాలిలో డాక్టరమ్మ దాన్ని తీసేసి, కింద ఎముక అరిగిపోయిందని చెప్పింది. ఎముక పొడి నింపి కుట్టాలట. అది నాలుగైదు నెలలు కదలకుండా ఉంటే నా ఎముకలో కలిసి గట్టిపడుతుందట. అప్పుడు దాని మీద కొత్త పన్ను బిగిస్తుందట.

“ఎవరి ఎముకమ్మా అది?” అని అడిగాను.

“ఎవరిదీ కాదండి మామ్మగారూ, తయారుచేసిన మందే అనుకోండి” అంది.

నాకు మనసొప్పలేదు. మా ఆయన ఎముకలు మట్టికుండలో తీసుకెళ్లి అబ్బాయి కృష్ణలో కలిపి వచ్చిన రోజు గుర్తొచ్చింది. ఎముక అంటే కలిపేసేదే అనుకున్నాను. బతికి ఉండగా పెట్టించుకునేదని తెలియదు.

పైగా నా ఒంటి మీద ఖర్చు పెట్టడం నాకు చేతకాదు. చిరిగిన చీర దుప్పటవుతుంది, దుప్పటి చిరిగితే మసిగుడ్డవుతుంది. మా ఇంట్లో పద్ధతి అది. ముందు తీసి పెట్టుకునే కట్టుడు పళ్లే చాలన్నాను. ఎడమవైపు పెట్టించుకుని చూశాను కూడా. వాటి కింద ఎండు గింజా పచ్చి గింజా ఒక్కటే. ఆ సంగతి తెలిశాకే ఈ కోతకు ఒప్పుకున్నాను. తినడానికి కాదు. తినడానికి జావ చాలు.

కోత అయ్యాక వారం రోజులు చెప్పినట్టే నడుచుకున్నాను. చల్లారిన రాగిజావ, మెత్తగా పిసికిన మజ్జిగన్నం. బుగ్గ వాచి చెవిదాకా బిగిసింది. లవంగనూనె అద్దుతానంటే కోడలు సీసా దాచేసింది. ఉప్పు కాపడం పెట్టనివ్వలేదు. పళ్లు తోముకుని గట్టిగా పుక్కిలించి ఉమ్మడం నాకు పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ ఉన్న అలవాటు. ఆ వారం నీళ్లు నోట్లో పోసుకుని, తల వంచి, వాటంతట అవి కారిపోయేదాకా పళ్లెం మీద వంగి కూర్చున్నాను.

ఎనిమిదో రోజు మధ్యాహ్నం రైతు అరచేతిలో వడ్లు పోశాడు. ముందరి పళ్లతో కొరుకుదామనుకున్నాను. కానీ నాలుక గింజను ఎప్పటిలాగే కుడివైపుకు తోసింది. అక్కడ పన్ను లేదని నాలుకకు తెలియదు. పైపన్ను దిగి ఆ గింజను కుట్ల మీదికి నొక్కేసింది. కళ్లు బైర్లు కమ్మాయి. ఆ నొప్పిలో, అలవాటు కొద్దీ, తూ అని ఉమ్మేశాను. ఉమ్మితే లోపల గడ్డకట్టిన నెత్తురు ఊడొచ్చేస్తుందనీ, దానితో పొడి కూడా పోతుందనీ డాక్టరమ్మ మరీ మరీ చెప్పింది. గింజ ఎండిందో పచ్చో నాకు తెలియలేదు. “రేపు చెబుతాలే” అన్నాను. ఆ మాట నేను అంతకుముందు ఏ రైతుతోనూ అనలేదు.

కోడలు వచ్చి కేకలేసింది అప్పుడే.

ఆవిడకు చెప్పని సంగతి ఒకటుంది. రైతు వెళ్లేసరికే నా నాలుక మీద సన్నటి ఇసుకలాంటిది తగిలింది. వేలితో తీసి చూశాను. తెల్లగా ఉంది. నూకేమో అనుకుందామంటే పొద్దుట్నుంచీ జావ తప్ప ఏమీ తాగలేదు. కొంగుకు తుడిచి ముడేసుకున్నాను. ఏ పని కోసం ఆ ఎముక వేయించుకున్నానో, ఆ పని చేయబోయి దాన్నే పోగొట్టుకున్నాను. అరవడానికి నాకు ఇంకెవరూ లేక కోడలి మీద అరిచాను.

సాయంత్రం ఆవిడ జావ గ్లాసు పెట్టి వెళ్లబోయింది.

“ఆగు” అన్నాను. కొంగు ముడి విప్పి చూపించాను. “ఇది ఊడొచ్చింది.”

ఆవిడ దాన్ని చూసింది, నన్ను చూసింది. తిట్టలేదు. తిడితే బాగుండేది. ఫోన్‌లో లైటు వేసి, “ఇప్పుడైనా తెరవండి” అంది. తెరిచాను. పెళ్లయి వచ్చిన ఇన్నేళ్లలో ఆవిడ నా నోట్లోకి చూడటం అదే మొదలు.

“ఒక కుట్టు తెగిందత్తయ్యా. నెత్తురు లేదు. పొద్దున్నే తెనాలి వెళ్దాం.”

“ఆ ధాన్యం సంగతో?”

“ముందు మీ సంగతి చూసుకోండి.”

“మబ్బు పట్టింది. అతనికి మాటిచ్చాను.”

మర్నాడు పొద్దున్నే రైతు వచ్చాడు. కోడలి అరచేతిలో ఐదు గింజలు పెట్టి కొరకమన్నాను. మొదటిది పొట్టుతో సహా నమిలేసింది. “నమలొద్దు, విరిచి చూడు” అన్నాను. తర్వాత మూడింటికీ చప్పుడు లేదు. ఐదోదానికి కాస్త వినిపించింది. “పచ్చేనేమోనండి” అంది అనుమానంగా. నేను రైతుతో ఇంకో రెండెండలు కాయనిమ్మని, వానొస్తే కప్పడానికి పట్టాలు మా కొట్లోంచి తీసుకోమని చెప్పాను. అతను కోడలి వంక చూసి, నా వంక చూసి, సరేనన్నాడు.

తరువాత ఇద్దరం రైలెక్కి తెనాలి వెళ్లాం. డాక్టరమ్మ తెగిన కుట్టు మళ్లీ వేసింది. పొడి కొంత పోయిందనీ, మిగిలింది నిలిచేదీ లేనిదీ మూడు నెలలయ్యాక ఎక్స్‌రే తీస్తేగానీ చెప్పలేననీ అంది. మధ్యాహ్నం బండికి ఇంటికొచ్చాం.