పండగనాడు ఆగిన నకలు

మా వంశంలో ఒకరి దగ్గర జీతం తీసుకున్న మొదటివాణ్ణి నేను. మద్రాసు మైలాపూరులో మా తాతగారి ఇల్లు ఉన్న చోట ఇప్పుడు అపార్టుమెంట్లు లేచాయి. రోజూ ఆ వీధి మీదుగానే పనికి వెళ్తాను. తల దించుకోను, పక్కకు తిప్పుకోను.

నేను పనిచేసేది మైలాపూరులోనే ఒక క్యాన్సరు ఆసుపత్రిలో. రోగుల స్కాన్లు, రేడియేషన్ ప్లాన్లు దాచే కంప్యూటర్ల బాధ్యత నాది. ఏ రోగికి ఎక్కడ, ఎంత, ఏ కోణంలో కిరణాలు పంపాలో డాక్టర్లు కూర్చుని తేల్చినదే ప్లాను. అది పోతే చికిత్స మధ్యలో ఆగిపోతుంది. అందుకే మైలాపూరులో చేరిన ప్రతి ఫైలుకూ అప్పటికప్పుడు మాధవరంలోని మా రెండో కేంద్రంలో నకలు తయారయ్యేలా ఏర్పాటు చేశాను. ఇక్కడ నీళ్ళొచ్చినా నిప్పంటుకున్నా అక్కడి నుంచి పని నడవాలి.

ఆ ఏడు విజయదశమి వెళ్ళాక డైరెక్టరు గదికి వెళ్ళాను. రోగులు రాని ఆదివారం చూసి మైలాపూరు యంత్రాలు పూర్తిగా ఆపి, మాధవరం నకలుతో అంతా నడుస్తుందో లేదో చూడాలన్నాను. ఆయన గుంటూరు వైపు నుంచి వచ్చిన డాక్టరు.

"అక్కడ పచ్చలైటు వెలుగుతూనే ఉందిగా?"

"లైటు వెలిగితే యంత్రం నడుస్తున్నట్టు. నకలు సరిగ్గా ఉన్నట్టు కాదు."

"హుకుం వెయ్యడానికి ఇది మీ తాతగారి దివాణం కాదండీ, దొరగారూ," అని నవ్వాడు.

"హుకుం కాదు, అడుగుతున్నాను. రెండోసారి అడగను. ఆదివారం ఇవ్వకపోతే నా రాజీనామా తీసుకోండి."

కుర్చీ చూపించినా నేను కూర్చోలేదు. ఆయనే లేచి, "సరే, కానీయండి," అన్నాడు.

ఆదివారం మాధవరంలో కూర్చుని ప్లాన్లు తెరిచాను. ఆయుధపూజ ముందు రోజు దాకా అన్నీ ఉన్నాయి. ఆ తర్వాతది ఒక్కటీ లేదు. యంత్రం మీద గంధం, కుంకుమ బొట్లు ఇంకా చెరగలేదు.

అక్కడి ఇన్‌చార్జి తరాలుగా మద్రాసులోనే ఉన్న తెలుగింటి ఆడపడుచు. "ఆయుధపూజకి ఏమైనా ఆపారా అమ్మా?" అని అడిగాను.

"ఆమా సార్, ఆపినా. పూజలో పెట్టిన సామాను ఆ పొద్దు వాడకూడదు గదా. ఆడ మైలాపూర్లో ఆపేదానికి లేదు. ఈడ దీన్ని ఎవురడగతారని రెస్ట్ ఇచ్చినా. మర్నాడు ఆన్ చేసేసినానే."

"మరి నకలు ఆగితే మోగే అలారం?"

"పూజలో కుయ్యి కుయ్యిమంటా ఉంటే ఎట్లా సార్? అదీ ఆపినా." గొంతు తగ్గింది. "మళ్ళీ పెట్టలేదు."

లేత్ మిషనుకైతే మర్నాడు స్విచ్ వేస్తే చాలు. మా దానికి చాలదు. ఒకసారి తెగిన నకలును మైలాపూరు నుంచే మళ్ళీ మొదలుపెట్టాలి.

"పూజ మానొద్దు. గుమ్మడికాయ కొట్టండి, మరమరాలు పంచండి. కానీ పండగని దీపం ఆర్పుతామా?"

"దీపాన్ని ఎట్లా ఆర్పతాం సార్?"

"దీన్నీ దీపమే అనుకోండి."

"ఆ మాట ముందే చెప్పుంటే నేను దీని జోలికే పోను గదా," అంది, తప్పంతా నాదే అన్నట్టు.

ఆ రోజే నకలు మళ్ళీ మొదలుపెట్టాం. మరుసటి ఆదివారం ఇంకోసారి పరీక్షించాం. ప్రతి ప్లానూ తెరుచుకుంది.

కార్తీకంలో వాన పట్టుకుంది. ఒక పొద్దున నేను చేరేసరికి పాత భవనం కింది అంతస్తులో మోకాలి లోతు నీళ్ళు. నా యంత్రాలన్నీ ఆ నీళ్ళలోనే ఉన్నాయి. రేడియేషన్ ఇచ్చే యంత్రం మాత్రం వెనక కొత్త భవనంలో, ఎత్తు మీద ఉంది. అక్కడి హాల్లో రోగులు తడిబట్టలతో కూర్చున్నారు. డైరెక్టరు ప్యాంటు మడుచుకుని నా కోసం గుమ్మంలోనే నిలబడ్డాడు.

"ప్లాన్లు ఎన్ని పోయాయండీ?"

"ఒక్కటీ పోలేదు," అన్నాను. మాధవరానికి ఫోన్ చేసి పని అటు మళ్ళించాను.

మొదటి రోగి తిరువొత్తియూరు నుంచి వచ్చిన పెద్దాయన. "నా ప్లాను నీళ్ళలో పోయిందంట గదయ్యా?" అన్నాడు.

"లేదండీ. మాధవరంలో భద్రంగా ఉంది."

"మాధవరమా? ఈ వానలో ఆడికి బస్సులే లేవే, ఎట్లా తెప్పిచ్చినారు?"

జవాబు చెప్పేలోపే స్క్రీన్ మీద ఆయన ప్లాను తెరుచుకుంది. టెక్నీషియన్ లోపలికి రమ్మని పిలిచింది. పెద్దాయన చెప్పులు విడిచి లోపలికి నడిచాడు.

సాయంత్రానికి హాలు ఖాళీ అయింది. ఒక్కరినీ తిప్పి పంపలేదు. నా వెన్ను ఆ రోజు ఉన్నంత నిటారుగా మా తాతల వెన్ను కూడా ఏనాడూ ఉండి ఉండదు.

డైరెక్టరు స్వయంగా కాఫీ తెచ్చి ఇచ్చాడు. "ఇంకేం కావాలో చెప్పండి సార్," అన్నాడు.

"మాధవరంలోనూ ఇదే వాన కురుస్తోంది," అన్నాను. "మూడో నకలుకి ఈ వాన పడని ఊరు చూద్దాం."