పిలిస్తే వదిలింది

ప్రత్యేక రాష్ట్రం కోసం సిద్దిపేటలో బందులు నడుస్తున్న రోజులవి. మా వాడకట్టులో కట్టెల అడితి నడిపే ఆయనకు ఒక కుక్క ఉండేది. దూడంత ఎత్తు. మొరిగేది కాదు. మొరిగే కుక్కయితే ఎక్కడుందో తెలుస్తుంది. ఇది మాత్రం మనం వెనక్కి తిరిగి చూసేసరికి అక్కడే నిలబడి ఉండేది.

బందులతో మాంసం దుకాణాలు మూతపడ్డాయి. ఆ కుక్కకు తిండి ఎక్కడిదని ఆయన గొలుసు విప్పి వదిలేశాడు. అప్పుడు మేమంతా రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, వండుకుని, అక్కడే కూర్చుని తినేవాళ్లం. అదే మా పోరాటం. డప్పు కొడితే జనం చేరేవారు. మిగిలిన అన్నం కుక్క ముందు పెట్టేవాళ్లం. మా ఆయన పోయాక నేను బీడీలు చుట్టి సాకుతున్న నా ఒక్క బిడ్డ, చిన్నది, తన చేత్తో ముద్ద పెట్టేది. పోను పోను డప్పు మోగితే చాలు, ఎక్కడున్నా కుక్క వచ్చేది.

ఒక మధ్యాహ్నం మా పక్కింటి ముసలాయన చనిపోయాడు. బందు కదా, రోడ్డు మీద పురుగు లేదు. పాడె కట్టి డప్పు మొదలుపెట్టారు. కుక్క వచ్చింది. ఎవరినీ చూడకుండా శవం కాళ్ల దగ్గర కూర్చుని, మూతి ఎత్తి ఎదురుచూసింది. ఆడవాళ్ల ఏడుపు ఆగిపోయింది. డప్పు కూడా ఆగింది. అప్పుడు నా బిడ్డ దాని ముందుకు పోయి, అన్నం లేదని ఖాళీ చెయ్యి చాపి చూపించింది.

కుక్క ఆ మణికట్టును నోట పట్టింది. కొరకదు, వదలదు. పండ్ల సందుల్లోంచి సన్నగా నెత్తురు. బిడ్డ ఏడవకుండా నా వైపే చూస్తోంది. గుంజితే చెయ్యి ఏమవుతుందోనని నేను కదలలేదు.

అడితి ఆయన గుంపులోనే ఉన్నాడు.

"అన్నా, నీ కుక్కను పిలువు."

"నాదేంది అక్కా? మీరందరు కూడు పెట్టిన్రు. గిది వాడకట్టు కుక్క."

పిలిస్తే తనదని ఒప్పుకున్నట్టే, కేసవుతుందని ఆయన భయం. నేను ఆయన కాళ్ల దగ్గర కూలబడ్డాను. చనిపోయిన ముసలాయన భార్య శవం పక్కనుంచి లేవకుండానే అంది:

"పిలువురా. మా ముసలోడు ఇంకా గీడనే ఉన్నడు, నీ మాటలన్నీ ఇంటుండు."

ఆయన పెదవులు కదిలాయి. చాలా మెల్లగా, పేరు పెట్టి పిలిచాడు. కుక్క నోరు తెరిచి చెయ్యి వదిలి, తల వంచుకుని పోయి ఆయన కాళ్ల దగ్గర పడుకుంది.

ఠాణాలో కుక్క ఎవరిదని అడిగితే అడితి ఆయనదేనని వాడకట్టంతా ఒకటే మాట చెప్పింది. అన్నం ఎవరు పెట్టినా తెచ్చి సాకినవాడిదే పూచీ అని, కరుస్తుందని తెలిసీ కట్టెయ్యకపోతే కేసేనని హెడ్ కానిస్టేబుల్ ఆయనకు చెప్పాడు. కుక్కకు మళ్లీ గొలుసు పడింది. బిడ్డ సూదులకు మమ్మల్ని దవాఖానకు ఆయనే తీసుకుపోయాడు.

బిడ్డకు కుక్కలంటే భయం పట్టుకోలేదు. కానీ దవాఖాన మెట్ల మీద ఆయన "రా బిడ్డా" అని పిలిస్తే వచ్చేది కాదు. కట్టు కట్టిన చేతిని నా కొంగులో దాచుకుని, ఆయన నోటి వైపే చూస్తూ నిలబడేది.