పట్టా లేని చెట్టు

మా ఇంటాయన ప్రేమయ్య మామిడికి అంటు కట్టేవాడు. యాభై ఏళ్లుగా అదే పని. బనగానపల్లె చుట్టుపక్కల ఏ తోటలోకి పోయినా ఆయన కట్టిన చెట్లే. ఆయనకు మాత్రం సెంటు భూమి లేదు. ఇంటి ముందు వంక పోరంబోకులో ఒక్క చెట్టుంది. దాని కొమ్మలు కోసే అందరికీ అంటు కట్టాడు.

ఈ ఏడు పూతకాలంలో తోటలకు గుర్తింపు నంబరు ఇస్తామని ఒక ఆఫీసరు వచ్చాడు. ఊరి పేరుతో కాయ అమ్మాలంటే ఆ నంబరు ఉండాలట.

“ఫ్రాన్సులో ద్రాక్షసారాకు ఇట్లే కొన్ని ఊర్ల చుట్టూ గీత గీసినారమ్మా. గీత లోపల పండిన ద్రాక్షతో చేస్తేనే ఆ పేరు,” అన్నాడు.

“మా చర్చిలో ప్రభువు బల్లకిచ్చే ద్రాక్షరసం యాడిదని ఎవురూ అడగరు నాయనా,” అన్నాను.

ఏ చెట్టు అసలు బనగానపల్లెదో చెప్పడానికి ఆఫీసరుకు మనిషి కావాలి. పక్క తోట శేషన్న మా ఆయన్ను చూపించాడు. మోకాళ్లు పట్టేసినా ఈయన మూడు రోజులు ఆఫీసరు వెంట తిరిగి, ఆకు నలిపి వాసన చూసి చెప్పాడు. ఆఖరికి మా ఇంటి ముందు ఆగాడు.

“దీన్ని గూడా రాయప్పా.”

“సర్వే నంబరెంత పెద్దాయనా?”

“పోరంబోకు.”

“పట్టా లేకుంటే రాసేకి కాదు.”

“చెట్టు గీత లోపలే ఉండాది గదా నాయనా,” అన్నాను.

“చెట్టు లోపలే ఉండాది. మీరు లేరమ్మా,” అన్నాడు తల దించుకుని.

మా ఆయన కాళ్లు కడుక్కుని పడుకున్నాడు. నాకైతే ఆ ఆఫీసరుకు మూడు రోజులు పోసిన మజ్జిగ వెనక్కి అడగబుద్ధయింది.

కాయలు కోతకొచ్చాక, నంబరు లేని కాయ వద్దన్నాడు వ్యాపారి. శేషన్న వచ్చాడు.

“ప్రేమన్నా, నా కాయల్లో కలుపు. నా నంబరే ఏద్దాం.”

“నీ తోటంతా ఆయన కట్టిందే. ఇప్పుడు ఆయన చెట్టు నీదైందా అప్పా?” అన్నాను.

“ఇంగేం చేద్దామక్కా?”

మా ఆయనే సరేనన్నాడు. కాయలు తొడిమతో కోసి, సొన కారడానికి బోర్లించాడు. తెల్లారి శేషన్న పంపిన నంబరు స్టిక్కరొకటి కాయకు అంటించి నాకు చూపించాడు.

“తలకిందులేమన్నా అయిందా సూడు.”

దాని మీదంతా ఇంగ్లీషు. నేను తెలుగే కూడబలుక్కుంటాను.

“ఎట్లుంటే ఏమి, అంటించు.”

ఆయన వినలేదు. ఆ కాయ చేతబట్టుకుని, కుంటుకుంటూ శేషన్న తోటకు పోయాడు, ఏ పక్క పైకి రావాలో అడిగి రావడానికి.