టీ అడగని పాటలు

మా వీధి జానపద గాయకుడు ఏ పాటా ఆపకుండా చివరిదాకా పాడి ఎరుగడు. జాతరైనా, పెళ్లైనా, చరణం మధ్యలో ఆపి "టీ యాడప్పా?" అనేవాడు. టీ తాగాక పాట మళ్లీ మొదటి నుంచి ఎత్తుకునేవాడు.

ఆయన పోయిన కొన్నాళ్లకు తిరుపతిలో ఒక అంగడివాళ్లు జాతరల్లో రికార్డు చేసిన ఆయన పాటల్లో మేలైనవి ఏరి 'ఆణిముత్యాలు' అని క్యాసెట్టు తెచ్చారు. అట్ట మీద బొమ్మకు, బతికుండగా ఎవరూ కప్పని పట్టుశాలువా కప్పారు. టీ అడిగిన చోటల్లా కత్తిరించి, అతుకుల్లో వీణ నింపారు. ఆయన ముందు వీణ పెట్టి ఉంటే దాని మీద గ్లాసు పెట్టేవాడు.

భర్త గొంతు వినాలని ఆయన భార్య మా ఇంటికి వచ్చింది. రెండు పాటలు విని లేచింది.

"పాటంతా పాడేసినాడే! ఈయనెవురో పెద్దమనిషి. మా ఆయన కాదులేప్పా."

ఆమె చెప్పులు వేసుకుంటుండగా క్యాసెట్టు తిప్పి పెట్టాను. కత్తిరించేవాడు ఒకచోట ఏమరినట్టున్నాడు. పాట మధ్యలో వీణ లేకుండానే గొంతు ఆగింది.

"టీ యాడప్పా? నేను సచ్చినాక తెస్తారా?"

ఆమె చెప్పులు విడిచి వచ్చి కూర్చుంది.

"మళ్లా పెట్టప్పా. పాట వద్దు, ఆ టీ అడిగిందే పెట్టు."