ఏసమ్మ కడిగిన రాయి

ఏసమ్మ నాకు వరసకు చిన్నమ్మ. మట్టెవాడలో మా ఇంటికి రెండిళ్లవతల ఒక్క గదిలో ఉంటుంది. ఆ గది నేల మీద విస్తరి లేకుండా అన్నం పెట్టుకు తినొచ్చు. మురికంటే ఆమెకు పగ. నల్లా దగ్గర ఎవరి బిందెకైనా మసి కనిపిస్తే లాక్కుని తనే తోమిచ్చే రకం. అలాంటి మనిషి ఈ సంవత్సరం సమాధుల పండుగకు ముందు మా గుమ్మంలోకొచ్చి, చేతులు కొంగులో దాచుకుని, తల దించుకుని నిలబడింది. నాకు కోపం ఎక్కువ, ముందే చెప్పేస్తున్నాను. హైస్కూల్లో సైన్సు చెబుతాను, పిల్లలు చాటుగా మిర్చి మేడం అంటారు. ఆ రోజు కూడా ముందు కసిరాను, తర్వాతే విన్నాను.

చిన్నమ్మ పుట్టింది పరకాల అవతల. తల్లీతండ్రీ ఇద్దరూ గ్రానైటు క్వారీలో కూలీలు. ఆమె నడక నేర్చింది కంకర కుప్పల మీదే. కట్టుకున్నవాడు క్రషర్‌లో పనిచేసి, ఆ దుమ్ము మింగి మింగి దగ్గుతోనే దవాఖానలో పోయాడు. పిల్లల్లేరు. చదువు సంగతి అడగనే అక్కర్లేదు, వేలిముద్రే. అప్పటి నుంచి మా చర్చి ఊడవడం, తుడవడం ఆమె పని. దాంతోపాటు సమాధుల తోట కూడా మెల్లగా ఆమె చేతికొచ్చింది.

నవంబరులో చనిపోయినవాళ్ల పండుగ వస్తుంది. ఎవరి సమాధి వాళ్లు కడిగి, సున్నం వేసి, బంతిపూలు పరుస్తారు. సాయంత్రం ఫాదర్ వచ్చి తీర్థం చల్లుతూ వరుసల మధ్య నడుస్తాడు. ప్రతి రాతి మీదా కొవ్వొత్తి వెలగాలి. కడిగే ఓపికా తీరికా లేనివాళ్లు ఏసమ్మకు చెబుతారు. ఆమె చేతిలో చీపురు, ఇనుప బ్రష్షు, బాత్రూం యాసిడ్ సీసా.

ఈ యాసిడ్ సంగతి మా ఊరివాళ్లకే అర్థమవుతుంది. ఇక్కడ ఎటు చూసినా గ్రానైటు. గుట్టలు అదే, గడపలు అదే, రుబ్బురోళ్లు అదే. భూమి అడుగున కరిగి ఉన్న ముద్ద మెల్లగా చల్లారి గట్టిపడ్డ రాయి అది. యాసిడ్ పోస్తే నాచు పోతుంది, రాయి మాత్రం ఉలకదు పలకదు. అందుకని మావాళ్లకు రాయి అంటే ఒకటే జాతి. మనిషి అరగాల్సిందే తప్ప బండ అరగదని చిన్నమ్మ గట్టి నమ్మకం.

ఆనందరావు భార్య సమాధి మీది రాయి ఆ జాతిది కాదు. ఆనందరావు స్టేషన్ ఘన్‌పూర్ వైపు రైల్వే గేటు కాసి రిటైరైన మనిషి. భార్య పోయినప్పుడు బండల దుకాణానికి వెళ్లి, నీలిబూడిద రంగు షాబాదు బండ ఒకటి ఏరి తెచ్చుకున్నాడు. పనివాడికి ఇవ్వలేదు. చిన్న ఉలి పట్టుకుని పేరు తనే చెక్కాడు. అక్షరాలు ఒకటి పెద్దది, ఒకటి చిన్నది, గీత మీద నిలవవు. తర్వాత కంట్లో ప్రెషరొచ్చి చూపు మొత్తం పోయింది. అప్పటినుంచి ఏటా పండుగ రోజు కూతురు కీర్తన చెయ్యి పట్టుకుని వస్తాడు, మోకాళ్ల మీద కూర్చుంటాడు, వేళ్లతో ఆ పేరు చదువుతాడు. చదవడం అయ్యాకే కొవ్వొత్తి వెలిగిస్తాడు. తోటలో అంతమంది ఉన్నా ఆ కాసేపు ఎవరూ గట్టిగా మాట్లాడరు.

ఇప్పుడు మా గుమ్మంలో నిలబడ్డ చిన్నమ్మ కొంగు విప్పింది. అందులో పల్చటి రాతి పెచ్చులు.

"ఏటా ఆ రాయికి చీపురు, నీళ్లే సాలు. ఈసారి వానలకు నాచు నల్లగ పట్టిందే ప్రేమా," అంది. "ఆనందరావన్న రాయి గదా, మంచిగ మెరవాలె అని అందరి రాళ్లకన్న ఎక్కువ పోసిన. పోసుడుతోనే తెల్లగ పొంగింది. మురికి ఎట్ల పొంగుతాందో సూడు అనుకున్న. ఇంకింత పోసిన."

"పోసి?"

"నాననియ్యమని ఇడిసిపెట్టి అవతలి వరుస కడిగిన. వచ్చి బ్రష్షుతోని తోమిన. పైపొర పెనం మీది అట్టు లేసినట్టు లేసొచ్చింది. కిందిది నున్నగైంది. పేరు లేదు."

చెప్పులేసుకుని తోటకు పరుగెత్తాను. నిజమే. కుడివైపు చివర ఒక్క వంపు గీత మిగిలింది. మిగతా అంతా అరచెయ్యిలా నున్నగా, ఇంతకుముందెన్నడూ లేనంత శుభ్రంగా ఉంది. నాకు ఒళ్లు మండిపోయింది. తిరిగొచ్చి, ఒక పెచ్చును కత్తితో గీకి, ఆ పొడి మీద నిమ్మచెక్క పిండాను. సన్నని బుడగలు లేచాయి.

"చూసినవా? ఇది మన గుట్టల రాయి గాదు. సున్నపురాయి," అన్నాను. "ఇది తీసే దగ్గర ఒకప్పుడు సముద్రం ఉండె. మనిషి గాదు, చేప గూడ పుట్టని కాలం. నీళ్లల్ల కరిగిన సున్నం సన్నటి బురదై అడుగుకు దిగింది. ఒక పొర, దానిమీద ఇంకో పొర. నడుమ నడుమ పల్చగ మట్టి. గట్ల కోట్ల ఏండ్లు పేరుకున్నది. అందుకే పలకలు పలకలుగ లేస్తది, అందుకే ఇండ్లల్ల పరుస్తరు. యాసిడ్ తగిలితే సున్నం రెండు ముక్కలైతది. ఒకటి గాలి అయి బుడగల్ల పోతది, ఇంకోటి నీళ్లల్ల కరిగి పోతది. పొరల నడుమకు గూడ దిగుతది. నువ్వు కడుక్కుంట పోతే రాయి మిగలదు."

"మరి ఆ నురుగు?"

"మురికి గాదు. రాయే."

చిన్నమ్మ నిమ్మచెక్క వైపే చూస్తూ కూర్చుంది. "అంటే నేను సూస్కుంట సంబురపడుతాన్నప్పుడు ఆమె పేరే పోతాందా?" అంది.

దానికి జాలిపడాలి. నేను పడలేదు. "గోటితో పోయేదానికి గొడ్డలెందుకెత్తినవ్? సబ్బునీళ్లు సాలకపోయెనా?" అని అరిచాను. ఆమె ఒక్క మాట ఎదురు చెప్పలేదు. చెప్పి ఉంటే బాగుండేది, నా కోపానికి ఆసరా దొరికేది.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు ఇద్దరం బండల దుకాణం రాంచందర్ దగ్గరికి పోయాం. ఆయన పెచ్చును అటూ ఇటూ తిప్పి చూసి, "ఫికర్ జెయ్యకు ఏసమ్మా. గసుంటి బండే ఉన్నది. మిషన్ మీద పేరు కొట్టిస్త, రేపటికల్ల పెట్టేస్తరు. ముసలాయనకు కనబడదాయె," అన్నాడు.

చిన్నమ్మ మొహం ఒక్క క్షణం వెలిగింది. వెంటనే ఆరింది. "కండ్లకు కనబడదు గని ఆయన వేళ్లకు కనబడుతదయ్యా. ఆయన చేత్తో చెక్కిన అక్షరాలు ఆయనకెరుక లేవా?" అని లేచి బయటికి నడిచింది.

దారిలో నా చెయ్యి పట్టుకుని, "నువ్వు చెప్పరాదు ప్రేమా? నువ్వైతే మంచిగ చెప్తవు," అని బతిమాలింది. చెప్పనన్నాను. పోసింది నువ్వు, చెప్పాల్సింది నువ్వు అన్నాను. ఆనందరావు ఇంటికి పోదామని ఘన్‌పూర్ రైలెక్కడానికి స్టేషన్ దాకా పోయి వెనక్కి వచ్చింది. కీర్తన నంబరు నొక్కి ఇస్తే, "హలో" అని వినిపించగానే ఫోను నా ఒళ్లో పడేసింది. ఆదివారం పూజలో ఎప్పుడూ ముందు చాప మీద కూర్చునే మనిషి తలుపు పక్కన నక్కింది; తప్పు దాచుకుని సత్ప్రసాదం తీసుకోకూడదని, అందరూ లేచినా తను లేవలేదు. ఎవరైనా "ఏసమ్మా, మా రాయి అద్దమోలె చేసినవు" అని మెచ్చుకుంటే తల కొట్టేసినట్టయ్యేది ఆమెకు.

పండుగ సాయంత్రం తోట నిండిపోయింది. ఆనందరావు తెల్ల లాల్చీలో వచ్చాడు. చిన్నమ్మ నీళ్ల ట్యాంకు వెనక నిలబడింది, నేను ఆమె పక్కనే ఉన్నాను, పారిపోతుందేమోనని. ఆయన మోకాళ్ల మీద కూర్చుని చెయ్యి చాపాడు. వేళ్లు రాతి మీద ఒకసారి జారాయి. మళ్లీ వెనక్కి వచ్చాయి. మళ్లీ జారాయి.

"ఇది గాదు బిడ్డా. వరుస తప్పినం," అన్నాడు.

కీర్తన వంగి నున్నటి రాతి మీద పేరు కోసం వెతుకుతోంది. ఆయన లేచి, పక్క సమాధి తడిమాడు. అది గ్రానైటు. దాని అవతలిదీ తడిమాడు. పూలు చెదిరిపోతున్నాయి, ఆ సమాధుల వాళ్లు జరిగి దారి ఇస్తున్నారు. "యాడున్నదే మీ అమ్మ?" అని కూతుర్ని అడుగుతున్నాడు, గొంతులో కంగారు.

చిన్నమ్మ నా పక్కన లేదు. చూసేసరికి ఆయన కాళ్ల దగ్గర ఉంది.

"మొదలు పట్టుకున్న రాయే మీది అన్నా. వరుస తప్పలె. నేనే కడిగిన. యాసిడ్ పోసిన. పేరు పోయింది." అంతమందిలో ఆమె తల నేలకు ఆనుకునే ఉంది. "నన్ను మాఫ్ చెయ్యన్నా."

ఆనందరావు ఆమె గొంతు వినిపించిన వైపు తిరిగాడు. తిడతాడనుకున్నాను. కొడతాడేమోనని కూడా అనుకున్నాను. కూతురు చెయ్యి పట్టుకుని తన రాతి దగ్గరికి తిరిగొచ్చి కూర్చున్నాడు. నున్నటి రాతి మీద అరచెయ్యి ఆనించాడు.

"నన్నెందుకడుగుతవ్ ఏసమ్మా?" అన్నాడు. "పోయింది నా పేరు గాదు. ఆమెను అడుగు. పేరు పెట్టి పిలిచి అడుగు."

చిన్నమ్మ రాతి వైపు తిరిగింది. నోరు తెరిచింది. చదవడం రాకుండానే ఏళ్ల తరబడి ఆ అక్షరాల్లో నాచు తీసిన మనిషి. నా వైపు చూసింది. ఆ పేరు నాకు తెలుసు, చెప్పొచ్చు. కానీ ఆ గుడ్డివాడి ముందు గుసగుసలాడడానికి నాకు నోరు రాలేదు.

"పేరు నాకెరుక లేదన్నా," అంది చిన్నమ్మ. "ఆనందరావు భార్య రాయి అంటరు. గదే ఎరుక."

ఆనందరావు తల అటూ ఇటూ ఊపాడు, కోపంగా కాదు.

"శౌరమ్మ," అన్నాడు.

చిన్నమ్మ రాతి పక్కన కూలబడి, మొహం రెండు చేతుల్లో కప్పుకుని, "శౌరమ్మక్కా," అంది. అడగాల్సింది ఇంకా అడగనే లేదు.