పాత పీపాకి కొత్త ప్రారంభోత్సవం

మా బావ ప్రపంచంలోని వాతావరణ లెక్కలన్నీ ఒంటిచేత్తో నిలబెడుతున్నాడు. రెండో చేత్తో గుల్లలు గోకుతుంటాడు. ఎనిమిదో తరగతిలోనే బడికి సెలవిచ్చేసి కాపాడుకున్న తెలివితో చెబుతున్నాను, కాబట్టి సందేహం పెట్టుకోకండి.

తీరానికి బాగా దూరంగా, సముద్రంలో తేలేలా లంగరు గొలుసుకి కట్టి వదిలిన పసుపు పీపా ఒకటుంది. మనిషికంటే ఎత్తు. దాని నెత్తిన గాలి వేగం కొలిచే మూడు గిన్నెల చక్రం, కడుపులో బ్యాటరీలు, అడుగున నీటి వేడిని చూసే గొట్టం. గాలెంత, అలెంత, నీరెంత వేడి అన్నది గంటగంటకీ ఉపగ్రహానికి చెబుతుంది. అక్కణ్ణుంచి ఆ లెక్కలు దేశదేశాలకీ పోతాయి. దాన్ని ఒడ్డుకి తేవడం, నాచూ గుల్లలూ గోకడం, పక్షులు చేసిన అలంకారం కడగడం, మళ్ళీ అదే చోట దింపి రావడం బావ ఉద్యోగం. ఒకసారి ఓ తిమింగలం ఆ పీపాకేసి వీపు గోక్కుంటుంటే తెడ్డు చూపించి అదిలించాడు. అది సిగ్గుపడి వెళ్ళిపోయింది. నేను చూశాను. మీరు చూడలేదంటే అది మీ దురదృష్టం.

మా అక్కకి మాత్రం పీపా పేరెత్తితే ఒళ్ళు మంట.

"దానికి నలతగా ఉంటే పడవేసుకుని పరిగెడతారు. నాకు జ్వరమొస్తే మాత్ర మింగమంటారు."

"అది ఎలా ఉందో గంటగంటకీ చెబుతుందే. నువ్వు చెప్పవు కదా!"

"చెబుతూనే ఉన్నాను. వినే ఉపగ్రహమేదీ ఈ ఇంట్లో?"

ఇలా ఉండగా ఓ రోజు ఆఫీసులో పెద్దసారు బావని పిలిపించాడు. ఆయన గదిలో మూడు గోడల నిండా సముద్రం బొమ్మలుంటాయి. సముద్రం కనిపించే కిటికీని మాత్రం ఏసీ పెట్టి మూసేశారు.

"మరమ్మతుల పద్దులో పైసా లేదయ్యా. కొత్త పథకంలో అయితే దండిగా ఉంది. ఆ పాతదాన్ని ఇనుపసామాన్ల వాడికి ఇచ్చేద్దాం. కొత్త పీపా రేవు పక్కనే పెడదాం. వచ్చిన అతిథులకి మెట్ల మీంచే కనిపిస్తుంది."

"అది సముద్రాన్ని చూడ్డానికా సార్, దాన్ని అతిథులు చూడ్డానికా?"

"రెండూ."

"ఇన్నేళ్ళూ ఒకే రోగి నాడి పట్టుకుని కూర్చున్నాం సార్. ఇప్పుడా చెయ్యి వదిలేసి పక్కమంచం వాడి చెయ్యి పట్టుకుంటే, జ్వరం పెరిగిందో తగ్గిందో ఎవరికి తెలుస్తుంది?"

పెద్దసారు ఈ పోలికకి కరగలేదు. ఆయన్ని కరిగించిన కబురు వేరే ఉంది. కొత్త పీపా అనుకున్న తేదీకి రాదట. అప్పటికే ముఖ్య అతిథి ఒప్పేసుకున్నాడు, కార్డులు అచ్చయిపోయాయి.

"పోనీ, ఉన్నదాన్నే కొత్తది చేస్తే?" అన్నాడు బావ, తలగోక్కుంటూ.

పెద్దసారు కుర్చీలో ముందుకు జరిగాడు. "రంగు?"

"నారింజ వేస్తాను."

"పేరు?"

"అంత పెద్ద పని మీరే చెయ్యాలి సార్."

'నవతరం' అని పెట్టి ఆయన కాసేపు మురిసిపోయాడు. వెంటనే మెలిక వేశాడు. "పాత చోటే పెట్టుకో. కానీ మొదటి వారం లెక్కలు పైవాళ్ళు చూస్తారు. తేడా వచ్చిందో, పాత ఇనుమే. నువ్వెవరో నాకు తెలీదు."

బావ పీపాని గోకి, కడిగి, బ్యాటరీలు మార్చి, పెళ్ళికూతుర్ని చేశాడు. రిబ్బను కట్టే పని కూడా ఎవరినీ నమ్మక తనే చేశాడు. పీపా నెత్తి నుంచి ఒడ్డున పాతిన కర్ర దాకా నైలాను రిబ్బను, లంగరు తాడుకి వేసే ముడితో. ముఖ్య అతిథి కత్తెర పెట్టాడు. తెగలేదు. రెండు చేతులూ పెట్టాడు. రిబ్బను మడతపడిందే తప్ప తెగలేదు. పెద్దసారు పరిస్థితి గ్రహించి చప్పట్లు మొదలెట్టాడు. అందరూ కొట్టారు. ఫొటోలో తెగినట్టే ఉంది.

కర్ర వైపు ముడి విప్పి, పీపా నెత్తిన ముడి ఊడకపోతే రిబ్బను పీపాకే చుట్టి పడవెక్కించారు. సముద్రంలో కోసి పారేద్దామనుకున్నాడు బావ. కానీ ముఖ్య అతిథి కూడా పడవెక్కాడు. రేవు దాటగానే ఆయన కడుపు తన ప్రసంగం ప్రారంభించింది. దారంతా ఆయన తల పట్టుకోవడంతోనే బావకి సరిపోయింది. పీపా రిబ్బనుతోనే నీళ్ళలోకి దిగింది.

మర్నాడు లెక్కలొచ్చాయి. అలలు ఎత్తుగా ఉన్నాయి, నీటి వేడి సరిగానే ఉంది. గాలి మాత్రం సున్నా.

"చూశావా, మన 'నవతరం' దిగగానే సముద్రం ఎంత ప్రశాంతంగా ఉందో!" అన్నాడు పెద్దసారు. అప్పుడే వరండా రేకు ఒకటి ఎగిరొచ్చి ఆయన కారు మీద పడింది.

సాయంత్రానికి పైవాళ్ళ ఫోను. చుట్టుపక్కల పీపాలన్నీ ఈదురుగాలి అంటున్నాయి, మీదొక్కటే నిద్రపోతోంది, రేపటికల్లా సరికాకపోతే తీసేయండి అని.

బావ ఇంటికొచ్చి కూలబడ్డాడు. "నా ముడే నా కొంప ముంచింది. ఆ రిబ్బను గిన్నెలకి చుట్టుకుని ఉంటుంది."

అక్క లేచింది. లోపలికెళ్ళి, బట్టలు కత్తిరించే పెద్ద కత్తెర తెచ్చి అతని ఒళ్ళో పెట్టింది. "ఇది తెగుతుంది. విరగ్గొట్టుకొచ్చారో, మీరూ మీ పీపా అక్కడే కాపురం పెట్టండి."

తెల్లారగానే నన్నూ లాక్కుపోయాడు. ఆ రోజు అలలు ఎంత ఎత్తున్నాయంటే, ఒకదాని మీంచి మా అక్క పెరట్లో బట్టలారేయడం కనిపించింది నాకు.

"ఒరేయ్, కోతలాపి నా నడుం పట్టుకో!" అని అరిచి బావ పీపా మీదికి పాకాడు. నారింజ రంగు అతని చొక్కాకంతా అంటుకుంది. గిన్నెలు మూడూ రిబ్బనులో చిక్కుకుని, కట్టేసిన కోడిలా కొట్టుకుంటున్నాయి. కత్తెర ఒక్కసారే 'కచ్' మంది.

గిన్నెలు గిర్రున తిరిగాయి. చప్పట్లు కొట్టడానికి అక్కడ నేనొక్కణ్ణే ఉన్నాను. కొట్టాను. బావ నడుం వదిలేశానని తిట్టాడు.

గాలి లెక్క వచ్చింది, వారమూ గడిచింది, పీపా తన చోటే ఉండిపోయింది. గాలిని తిరిగి రప్పించినందుకు పెద్దసారుకి పైనుంచి మెచ్చుకోలు కూడా వచ్చిందట.

మరుసటి ఏడు బావ మళ్ళీ మరమ్మతుల డబ్బు అడిగాడు. లేదన్నారు. కొత్తదానికైతే ఉందన్నారు. బావ వాదించలేదు. ఇంటికొచ్చి చెప్పులు విడుస్తూ అక్కనడిగాడు.

"ఈసారి ఏ రంగు వేద్దామే?"

"ఏదైనా వేసుకోండి," అంది అక్క. "కత్తెర మాత్రం ముందే పట్టుకెళ్ళండి."