గ్రూపులో పడిన తాళంచెవి

రాజోలు బస్టాండుకు కూతవేటు దూరంలో, మందుల షాపు మీద మేడలో నాగేంద్రబాబు గారి ఆఫీసు ఉంది. గల్ఫ్ దేశాలకు పనివాళ్లను పంపే ఆఫీసది. వీసాలు, మెడికల్ రిపోర్టులు, పాస్‌పోర్టు కాపీలు అన్నీ మెయిల్లోనే వస్తాయి, మెయిల్లోనే పోతాయి. ఆ మెయిల్ సర్వరును చూసుకునే మనిషి ఝాన్సీ.

ఆమె తల్లి ఇందిర ఏళ్ల తరబడి మస్కట్‌లో ఇళ్లలో పనిచేసి పిల్లలను చదివించింది. ఝాన్సీ అమలాపురంలో కంప్యూటర్ డిగ్రీ చేసి, హైదరాబాదులో కొన్నాళ్లు ఉద్యోగం చేసి, పెళ్లయ్యాక తిరిగి వచ్చేసింది. భర్త ఎలీషా హైస్కూల్లో లెక్కల మాస్టారు. ఝాన్సీ ఏం పని చేస్తుందని చుట్టాలు అడిగితే, "మెయిళ్లు ఆగకుండా చూస్తుందండీ" అంటాడు. ఆ మాట సగమే నిజం. మెయిళ్లు సరైన చోటికే వెళ్లేలా చూడటం మిగతా సగం.

ఆఫీసు వాళ్ల ఫోన్లు సర్వరును కలిసినప్పుడల్లా, అది నిజంగా తమ సర్వరేనా అని ముందు చూసుకుంటాయి. సర్వరు తన సర్టిఫికెట్ చూపిస్తుంది. దానికి గడువుంటుంది కాబట్టి, అది తీరేలోగా కొత్తది తెచ్చిపెట్టాలి. సర్టిఫికెట్‌తో పాటు ఒక కీ ఫైలు ఉంటుంది. సర్టిఫికెట్‌ను ఎవరికి చూపించినా ఫరవాలేదు. కీ మాత్రం సర్వరు దాటి బయటికి రాకూడదు. అది దొరికినవాడు మరో చోట సర్వరు పెట్టి, అదే రాజోలు ఆఫీసు సర్వరని నమ్మించి, పాస్‌వర్డులూ మెయిళ్లూ లాగేయగలడు.

తమ్ముడు బెన్నీ పెళ్లికి ఝాన్సీ విశాఖపట్నం వెళ్లింది. గడువు దగ్గరపడిందని కొత్త సర్టిఫికెట్ ముందే తెచ్చి సర్వరులో పెట్టింది. అయితే మెయిల్ ప్రోగ్రాంను ఒకసారి ఆపి మళ్లీ మొదలుపెడితే గానీ అది కొత్తదాన్ని అందుకోదు. పెళ్లి హడావిడిలో ఆ ఒక్కటీ మరిచిపోయింది. సరిగ్గా పెళ్లిరోజు పాతదాని గడువు తీరిపోయింది. అందరి ఫోన్లలోనూ "ఈ సర్వరును నమ్మలేం" అంటూ హెచ్చరికలు మొదలయ్యాయి.

చర్చిలో ఉన్న ఝాన్సీ ఫోన్ ఎత్తలేదు. నాగేంద్రబాబు గారు రాజమండ్రిలో తనకు తెలిసిన వీరబాబు అనే కంప్యూటర్ మెకానిక్‌ను స్టాఫ్ వాట్సాప్ గ్రూపులో చేర్చారు. "సర్టిఫికెట్ ఉన్న ఫోల్డర్లో ఫైళ్లన్నీ పెట్టండి, చూస్తాను" అన్నాడతను. ఆఫీసులో పనిచేసే కావ్య ఉన్నవన్నీ గ్రూపులో పెట్టేసింది. వాటిలో కీ కూడా ఉంది. ఫైళ్లు చూసిన వీరబాబు, ప్రోగ్రాం మళ్లీ మొదలుపెట్టమని చెప్పాడు. మెయిళ్లు నడిచాయి. గ్రూపు నిండా దండాల బొమ్మలు పడ్డాయి.

సోమవారం ఆఫీసుకు వచ్చిన ఝాన్సీ, ఏం జరిగిందో చూద్దామని గ్రూపు తెరిచి పైకి జరుపుకుంటూ పోయింది. కీ ఫైలు పేరు కనిపించేసరికి ఆమె వేలు ఆగిపోయింది. ఆ గ్రూపులో స్టాఫే కాదు, అంతర్వేది నుంచి మురమళ్ళ దాకా ఉన్న ఏజెంట్లందరూ ఉన్నారు.

ఆమె నాగేంద్రబాబు గారి గదిలోకి వెళ్లింది.

"సార్, ఇవాళ మధ్యాహ్నం మెయిల్ ఆపాలండీ. సర్టిఫికెట్ రద్దు చేసి, కొత్త కీతో ఇంకోటి తెచ్చుకోవాలి."

"మొన్నే కదమ్మా కొత్తది పెట్టేవు! తాళం బానే పడుతుంది కదా?"

"తాళం బానే పడుతుందండీ. తాళంచెవి నకలే అందరి దగ్గరా ఉంది. గ్రూపులో పడిపోయింది."

ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. "అందులో ఉన్నోళ్లంతా మనోళ్లే కదమ్మా. ఇవాళ కువైట్ కంపెనీవోళ్లు ఇంటర్వ్యూల గురించి మెయిల్ పెడతామన్నారు. అది దాటిపోతే మనోళ్లకి నష్టం. రేపు చూద్దాంలే."

ఆయన మాటలోనూ న్యాయం ఉంది. ఆ ఇంటర్వ్యూల కోసం నెలల తరబడి ఎదురుచూస్తున్నవాళ్లు ఉన్నారు. ఝాన్సీకి వాళ్లతో పాటు తల్లి కూడా గుర్తుకొచ్చింది. మస్కట్‌లో ఇంటి యజమాని ఇందిర పాస్‌పోర్టును తన బీరువాలో పెట్టుకుని, ఝాన్సీ అమ్మమ్మ చనిపోయినప్పుడు కూడా ఇవ్వలేదు. ఒక మనిషి కాగితాలు ఇంకొకరి చేతిలో ఉండటమంటే ఏమిటో ఝాన్సీ వాళ్లింట్లో అందరికీ తెలుసు.

"మనోళ్లు మంచోళ్లేనండీ. వాళ్ల ఫోన్లు ఎవరి చేతుల్లో తిరుగుతాయో మనకి తెలీదు కదండీ" అంది.

నాగేంద్రబాబు గారు ఆమె అనుమానం అక్కడికక్కడే తీరుద్దామని మురమళ్ళ ఏజెంటు గోవిందరాజులుకు ఫోన్ కలిపి, సెల్లు పలకకపోతే ఇంటి నంబరుకు చేసి, స్పీకరులో పెట్టారు.

"గోవిందరాజులు గారూ, మొన్న మన కావ్య గ్రూపులో పెట్టిన ఫైళ్లు మీ ఫోన్లోంచి తీసేస్తారా?"

"ఆయ్, అలాగేనండీ. ఫోన్ రాగానే తీసేస్తానండీ."

"రాగానే అంటే?"

"కాలవలో పడిపోయిందండీ. అమలాపురంలో బాగుకి ఇచ్చేను. అందులోవన్నీ కంప్యూటర్లోకి ఎక్కించి, జాగ్రత్తగా ఇస్తానన్నాడండీ ఆ కుర్రోడు."

నాగేంద్రబాబు గారు ఫోన్ పెట్టేసి, "ఎంతసేపు పడుతుందమ్మా?" అని అడిగారు.

"కువైట్ వాళ్లకి ముందు ఫోన్ చేసి చెప్పండి. సాయంత్రానికల్లా ఇచ్చేస్తానండీ."

అప్పటికే సంగతి తెలిసిన కావ్య కళ్లనీళ్లు పెట్టుకుని గుమ్మం దగ్గర నిలబడి ఉంది.

"నావల్లే కదా అక్కా?"

"నేను ప్రోగ్రాం మళ్లీ మొదలుపెట్టకుండా వెళ్లిపోబట్టే నీకా అవస్థ వచ్చింది. ఏది పంపకూడదో నీకెవరు చెప్పేరు? నేను చెప్పలేదు కదా. రా, కూర్చో."

ఇద్దరూ కలిసి కొత్త కీ తయారుచేశారు. దానికి కొత్త సర్టిఫికెట్ తెచ్చి పెట్టారు. అందరి పాస్‌వర్డులూ మార్చారు. గ్రూపులో పడిన కీ తాలూకు సర్టిఫికెట్ రద్దు చేసేటప్పుడు, అది ఇచ్చిన సంస్థ వెబ్‌సైటు కారణం ఏమిటని అడిగితే, కీ బయటపడిందన్న జవాబు మీద కావ్య చేతే నొక్కించింది ఝాన్సీ. రద్దు చేసినా కొన్ని ఫోన్లు ఆ సంగతి పట్టించుకోవు. అందుకని ఆ రద్దయినదాని గడువు తీరేదాకా హోటళ్లలో, రైల్వే స్టేషన్లలో దొరికే వైఫైతో ఆఫీసు మెయిల్ తెరవవద్దని ఒక్కొక్కరికీ ఫోన్ చేసి చెప్పింది. తర్వాత కూర్చుని సర్వరులోకి ఎవరెవరు వచ్చారో చూసింది. కొత్త మొహం ఏదీ కనబడలేదు. అయినా ఆమెకు మనసు తేలికపడలేదు. ఎవడైనా దారిలోనే కాపు కాసి ఉంటే, ఆ ఆనవాలు ఈ సర్వరులో ఉండదు.

మెయిల్ సాయంత్రానికి నడిచింది. కువైట్ కంపెనీ మెయిల్ కూడా వచ్చింది. అసలు కష్టమైన మాట మర్నాడు వచ్చింది.

"కాగితాలు ఇచ్చినోళ్లకి చెప్పాలి కదండీ" అంది ఝాన్సీ.

"ఏమీ జరగలేదన్నావు కదా?"

"జరిగినట్టు కనపడలేదన్నానండీ."

ఆయన ఏజెంట్లకు ఫోన్లు చేసే పనిలో పడ్డారు. ఆమె ఆ మాట మళ్లీ ఎత్తలేదు. గల్ఫ్ వెళ్లబోయేవాళ్లందరినీ శనివారం ఆఫీసుకు పిలిచినప్పుడు, ఆయనే లేచి జరిగింది చెప్పారు. తడబడుతూ చెప్పారు, కొన్ని మాటలు తప్పుగా కూడా చెప్పారు, కానీ దాచలేదు. ఇద్దరు ముగ్గురు లేచి తమ కాగితాలు తీసుకుని వేరే ఏజెంటు దగ్గరికి వెళ్లిపోయారు.

రత్నం అనే ఆమె మాత్రం నేరుగా ఝాన్సీ దగ్గరికి వచ్చింది. కువైట్‌లో వంటపనికి వెళ్లబోతున్న మనిషి.

"నా పాస్‌పోర్టు ఎవరన్నా చూసేరాండీ?"

"చూసినట్టు ఆనవాలు లేదండీ. చూడలేదని మాత్రం ఒట్టేసి చెప్పలేను."

రత్నం కొంగు సర్దుకుంటూ ఆమె మొహంలోకి చూసింది. "మరి ఇప్పుడు నేనేం చెయ్యాలండీ?"

తెలియని నంబరు నుంచి ఎవరైనా పేరూ పాస్‌పోర్టు నంబరూ చెప్పి పిలిస్తే నమ్మవద్దనీ, వెంటనే తనకు చెప్పమనీ ఝాన్సీ తన ఫోన్ నంబరు ఇచ్చింది. రత్నం అది అక్కడికక్కడే కలిపి, మోగుతుందో లేదో చూసుకుని వెళ్లింది.

ఆ తర్వాత సర్టిఫికెట్లు వాటంతటవే మారేలా, మారగానే మెయిల్ ప్రోగ్రాం మళ్లీ మొదలయ్యేలా ఝాన్సీ ఏర్పాటు చేసింది. సర్టిఫికెట్లకు ఇచ్చే గడువులు రానురాను తగ్గిపోతున్నాయి కాబట్టి, మనిషి జ్ఞాపకం మీద వదిలితే లాభం లేదు. అది సరిగ్గా జరుగుతోందా అని చూసే పని కావ్యకు అప్పగించింది. మెయిల్ ఆగిన ఆ మధ్యాహ్నం గురించి నాగేంద్రబాబు గారు ఇప్పటికీ అప్పుడప్పుడు సణుగుతారు గానీ, ఇంకో పనికి మాత్రం ఆయనే పూనుకున్నారు. ఎప్పుడో విమానం ఎక్కి వెళ్లిపోయినవాళ్ల పాస్‌పోర్టు కాపీలు సర్వరులో ఎందుకని, తీసేయమన్నారు.

కావ్య ఒక్కొక్కటే తెరిచి, వెళ్లినవాళ్లదేనని చూసుకుని తీసేస్తూ వచ్చింది. రెప్ప వేయకుండా కెమెరాలోకి చూస్తున్న ఆడవాళ్లు. నూనె రాసి దువ్విన జుట్లు, మెడలో శిలువ గొలుసులు, నుదుట బొట్లు.

"వీళ్లంతా తిరిగొచ్చేరా అక్కా?"

"కొందరొచ్చేరు" అంది ఝాన్సీ. కుర్చీ దగ్గరికి లాక్కుని, ఆమె పక్కనే కూర్చుంది.